ఎన్ని సప్పుళ్లు?

బోధన్ బస్టాండు ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను, ఆయన పోయాడని. అందులో ఆయన బొమ్మ నా అరచేతంత ఉంది. నివాళి అర్పిస్తున్న మా ఊరి పటేల్ బొమ్మ నిలువెత్తుది. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, మెడలో కండువా. దూరం నుంచి చూసినవాడు పోయింది పటేలే అనుకుంటాడు. చూపు ఆనని నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. అంత అదృష్టం ఎక్కడిది.

కింద ఎర్ర అక్షరాల్లో "మా ఆత్మీయులు, తుపాకి పనిలో మేటి" అని రాయించారు. మేటి అట. ఆ మేటి మనిషి చేతికి పని లేకుండా చేసినవాళ్లే ఆ ఫ్లెక్సీ కట్టించారు.

పేరు ఆ ఫ్లెక్సీ మీద ఉంది. నేనిక్కడ రాయను. ఆ పేరును ఒకసారి రాయకూడని కాగితం మీద రాశారు. అందులో నా మాట కూడా ఒకటి ఉంది. దాని గురించి చెప్పడానికే కూర్చున్నాను. కానీ ముందు మనిషిని చూపించాలి.

నిజామాబాదులో లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణం ఒకటుండేది. దాని వెనక గదిలో, కిటికీ కింద బల్ల వేసుకుని మరమ్మతులు చేసేవాడు. అందరూ మేస్త్రి అనేవారు. నేను అన్న అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. చర్చికి తప్పకుండా పోయే మెథడిస్టు మనిషి. బైబిలుకు వేసుకునే జిప్పు సంచి ఒకటి చంకలో ఎప్పుడూ ఉండేది. లోపల ఉండేవి మాత్రం స్క్రూడ్రైవర్లు, నూనె సీసా, దూది. బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మలు ఆ సంచికి దండం పెట్టేవాళ్లు. ఒకసారి పాస్టరు గారు ఎత్తి చూస్తే గలగలమంది. ఇదేమిటని మందలించాడు. "అయ్యగారూ, లోపటి వాక్యం నాకు నోటికచ్చు. ఇగ సంచికేం పని, నన్ను వాడుకోనియ్యిండ్రి" అన్నాడట. పాస్టరు నవ్వలేదు, సంచీ మారలేదు.

తుపాకి కొనడానికి ఎవరు వచ్చినా ఆయన ముందు తుపాకి చూపించేవాడు కాదు. నిలబెట్టి కళ్లు మూసుకోమనేవాడు. మూసుకున్నాక చేతిలో ఖాళీ రైఫిలు పెట్టి భుజానికెత్తుకోమనేవాడు. ఎత్తాక కళ్లు తెరవమనేవాడు. తెరిచేసరికి కన్ను, గురిచూసే ముల్లు ఒకే వరుసలో ఉంటే అది ఆ మనిషి సామాను. మెడ వంచాల్సి వస్తే కాదు. వెనక చెక్కను కుందా అంటారు, భుజానికి ఆనేది. దాన్ని రందాతో చెక్కి, పొట్టివాడికి పొట్టిగా, పొడుగువాడికి పొడుగ్గా చేసేవాడు. దర్జీ చొక్కా కొలతలు తీసుకున్నట్టు మోచేతి మలుపు నుంచి వేలి కణుపు దాకా కొలిచేవాడు. రుద్రూర్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు కళ్లు తెరిచి గోడ మీద క్యాలెండరు తేదీ చదవలేకపోతే, "బాపూ, నువ్వు మొదలు అద్దాల దుకాణంకు పో. బందూకు గాడికి వోయి వచ్చినంక సూద్దాం" అని పంపించేశాడు. దుకాణం యజమాని పళ్లు నూరుకున్నాడు.

ఎదుటివాడిని ఆయన అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: "ఎన్క ఏముంది?"

గురి పెట్టినదాని వెనక ఏముందని. పందిని అందరూ చూస్తారు, పంది వెనక ఉన్నది చూసేవాడికే తుపాకి ఇవ్వాలని ఆయన సిద్ధాంతం. మాటల్లో కూడా అదే పట్టేవాడు. ఫలానా వాళ్లు సంబంధం కలుపుకుంటున్నారని చెబితే ఎన్క ఏముంది అనేవాడు. నాయకుడు చెరువు పూడిక తీయిస్తానన్నాడంటే ఎన్క ఏముంది అనేవాడు. విసుగు పుట్టేది. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ చూశాక విసుగు పుట్టడం లేదు.

నాకు ఆయనతో స్నేహం కుదిరింది కూడా ఆ వెనక ఉన్నదాని వల్లే. రుద్రూర్ దగ్గర నాకు మూడెకరాల చెరకు. దాని కొసన కాలువ కట్ట ఉంది, రెండు నిలువుల మట్టి. మరమ్మతు చేసిన రైఫిలును సరిచూడాలంటే గుండు ఆగిపోయే మట్టి కావాలి. అట్లాంటి కట్ట ఉన్న పొలం కోసం ఆయన ఊళ్లన్నీ తిరిగి నాది పట్టుకున్నాడు. మొదటి బస్సుకు దిగేవాడు. సిమెంటు సంచి కాగితం మీద తన భార్య గాజు పెట్టి బొగ్గుతో సున్నా గీసేవాడు. కట్టకు కాగితం గుచ్చి యాభై అడుగులు వెనక్కి నడిచేవాడు. గడ్డి సంచి మీద రైఫిలు ఆనించి, లోపల ఒకే ఒక్క గుండు పెట్టి పేల్చేవాడు. లేచి వెళ్లి, సున్నాలో ఎక్కడ పడిందో చూసి వచ్చి, గురి కోసం రైఫిలు మీద బిగించిన దుర్బీను స్క్రూ గోరంత తిప్పేవాడు. మళ్లీ ఒక్క గుండు. మళ్లీ నడక. పూట గడిచిపోయేది. ఒకేసారి నాలుగు పెట్టుకుని కాల్చి అన్నీ కలిపి చూసుకోవచ్చు కదా అని ఒకరోజు అడిగాను.

"తమ్మీ, ఒక గుండుకు ఇంకో గుండుకు నడుమ మనిషి యాదికి రావాలె. గంత జాగ ఉండాలె" అన్నాడు.

పేల్చేముందు దూది తీసి ఎడమ చెవిలో పెట్టుకునేవాడు, నాకూ ఒక ఉండ ఇచ్చేవాడు. కుడి చెవి తెరిచే ఉంచేవాడు, నన్నూ అలాగే ఉంచమనేవాడు. చెరకులో ఎవరైనా పిలిస్తే వినబడాలి కదా అని.

ఇంకొక అలవాటు చెప్పి అసలు సంగతికి వస్తాను. మా చెరకు నరికేది సరిహద్దు అవతలి నుంచి వచ్చే మరాఠీ వాళ్లు. కాలువ అవతల గుడిసెలు వేసుకుంటారు. అడవి పందులను కొట్టడానికి పంచాయతీ అనుమతి ఇచ్చినప్పుడల్లా ఊళ్లో డప్పు వేసి చాటిస్తారు, రేపు చెరకులోకి ఎవరూ పోవద్దని. చాటేది తెలుగులో. గుడిసెల వాళ్లకు అది పెళ్లి డప్పో చావు డప్పో తెలియదు. ఇన్నేళ్లలో మా ఊరి పెద్దలకెవరికీ ఈ ఆలోచన రాలేదు. ఆయనకు వచ్చింది. అటవీ శాఖ లిస్టులో పేరున్న షూటరు కాబట్టి వేటకు ఆయన్నే పిలిచేవాళ్లు. ముందురోజు సాయంత్రమే దిగి, కాలువ దాటి, గుడిసె గుడిసెకూ పోయి చెప్పేవాడు: "ఉద్యా సకాళీ ఉసాత్ జాఊ నకా." రేపు పొద్దున చెరకులోకి పోకండి. ఆడవాళ్లు ఆయన యాసకు నవ్వేవాళ్లు. నవ్వినా పోయేవాళ్లు కాదు.

పటేల్‌కు నా పక్కనే నలభై ఎకరాలు. పందులు ఆయన చెరకునూ పాడుచేశాయి, అది అబద్ధం కాదు. మొదలు కొరికి, నమిలి, పిప్పి ఉమ్మి, పడుకుని దొర్లి పోతాయి. పొద్దున చూస్తే రోలరు తిప్పినట్టుంటుంది. తండ్రి లైసెన్సు తన పేరుకు మార్పించుకుని పటేల్ దుకాణానికి పోయాడు, నన్ను వెంటబెట్టుకుని. ఫోనులో వీడియో చూపించాడు. ఎవడో పరదేశం వాడు గడ్డి మైదానంలో ఉడుతల్లాంటి వాటిని వేలు కదిపినంత సేపట్లో వరసగా పడగొడుతున్నాడు.

"మేస్త్రీ, గిది గావాలె. ఆటోమేటిక్."

"ఆటోమేటిక్ గాదు పటేలా, సెమీ. సెమీ అంటె సగం. గుండు మార్సుడు అది జేస్తది, ఆగుడు నువ్వు జెయ్యాలె. గా సగమే నీకు రాదు."

నేను నవ్వాను. పటేల్ నవ్వలేదు. మేస్త్రి ఇంకా ఊరుకోలేదు. ఆ రైఫిలు గుండు చిన్నది, పెన్సిలు మందం కూడా ఉండదు, కుందేలుకు చాలు, పందికి చాలదని చెప్పాడు. "పందికి గోకినట్టుంటది. గోకిచ్చుకున్న పంది సావది, చెరకుల వడ్తది. దాని ఎన్క మీరు వడ్తరు. చెరకుల మనిషికి మనిషే కనవడడు" అన్నాడు. పెద్ద గుండు పట్టే ఒంటి గొట్టం తుపాకి తీసి ఇచ్చి కళ్లు మూసుకోమన్నాడు. పటేల్ మూసుకోలేదు. ఒకరు కళ్లు మూసుకోమంటే మూసుకునే వంశం కాదు వాళ్లది. యజమాని లోపల్నుంచి వచ్చి, పటేల్ అడిగిందే ఇమ్మన్నాడు.

అమ్మినాక మేస్త్రి దాన్ని తన బిడ్డలాగే చూశాడు, అదీ నిజం. నాలుగు రోజులు నా కట్ట దగ్గరే పని. ఆ జాతి రైఫిలు అన్ని గుండ్లనూ ఒప్పుకోదు, మందు తక్కువైతే ఖాళీ డొక్కు బయటికి రాక ఇరుక్కుంటుంది. మూడు రకాల గుండ్లు తెచ్చి, ఒక్కొక్కటే పేల్చి, ఏది ఇరుక్కోకుండా, ఏది గాజు సున్నాలోనే పడుతుందో చూసి, ఆ ఒక్క రకమే కొనమని రాసిచ్చాడు. దుర్బీను బిగించిన స్క్రూల మీద ఎర్ర రంగు గీత పెట్టాడు, వదులైతే గీత తప్పి తెలిసేలా. చివరికి గుండ్లు నింపే గొట్టంలో వెదురు పుల్ల ఒకటి కోసి పెట్టాడు. పది పట్టే గొట్టంలో ఒక్కటే పట్టింది. పటేల్‌కు మండింది. పది పేలేది తెచ్చుకుంటే ఒక్కటి పేలేది చేశావేమిటన్నాడు.

"పందులను కొట్టుడు నేర్సుకునేదాక పుల్ల ఉండనియ్యి. నేర్సుకున్నంక నేనే వచ్చి తీస్త" అన్నాడు మేస్త్రి.

పుల్ల మూడు రోజులు కూడా ఉండలేదు. పటేల్ తన వరండాలో కూర్చుని, దాంతో వీపు గోక్కుంటూ నాకు కనిపించాడు. ఆ సంగతి మేస్త్రికి నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఏం రాయను. ఫోను చేస్తే చాలు. చేయలేదు.

ఆ నెలలోనే పంచాయతీ అనుమతి కాగితం వచ్చింది. షూటరు పేరు దగ్గర మేస్త్రి పేరే రాశారు, లిస్టులో ఉన్నది ఆయనే కాబట్టి. ఆయనకు మాత్రం వేట సంగతి చెప్పలేదు. దుర్బీను కదిలింది, వచ్చి సరిచేసి పొమ్మని ఫోను చేశారు. ముందురోజు సాయంత్రం ఊళ్లో డప్పు వేశారు, తెలుగులో. కాలువ అవతలికి ఎవరూ పోలేదు.

పొద్దున మొదటి బస్సు దిగి, చంకలో జిప్పు సంచితో, మేస్త్రి నా మోటారు ముందునుంచే పటేల్ చెరకు వైపు నడిచి పోయాడు. చెయ్యి ఎత్తి, ఛాయ్ పెట్టుమన్నట్టు సైగ చేశాడు. నేను పొయ్యి దగ్గరికి తిరిగానో లేదో చప్పుడయింది. ఆయన అప్పటికి ఇంకా బాట మీదే ఉన్నాడు, పటేల్ పొలం గట్టు కూడా ఎక్కలేదు. ఉరికాడు. ఆ వయసులో మనిషి అలా ఉరకడం నేను చూడలేదు. నేనూ వెనకాలే పోయాను.

చెరకు సాలులో మరాఠీ ఆమె పడి ఉంది. పొద్దున్నే పశువుకు చెరకు ఆకు కోసుకోవడానికి వచ్చింది. మోకాలు పట్టుకుని కూర్చోలేక, పడుకోలేక మెలికలు తిరుగుతోంది. పంది జాడ లేదు. పటేల్ రైఫిలు పట్టుకుని నిలబడే ఉన్నాడు, వేలు ఇంకా గుండు పేల్చే ఘోడా మీదే ఉంది. మేస్త్రి తన తువ్వాలు చింపి ఆమె కాలికి గట్టిగా కట్టాడు. తర్వాత చేసిన పని, ముప్పై ఏళ్లుగా చేతికి అలవాటైన పని, అదే ఆయన్ను ముంచింది. నిండిన తుపాకి ఎక్కడ కనిపించినా ముందు దాన్ని ఖాళీ చేయాలి. పటేల్ చేతిలోంచి రైఫిలు తీసుకుని, గొట్టం వంచాడు. గుండ్లు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. ఏడు. నేను లెక్కపెట్టాను.

"పుల్లేది పటేలా?" అన్నాడు.

అంతలో ఊరి జనం వచ్చారు. వాళ్లు వచ్చేసరికి ఆడమనిషి నేల మీద ఉంది, రైఫిలు మేస్త్రి చేతిలో ఉంది, అనుమతి కాగితంలో మేస్త్రి పేరుంది. ఏడు గుండ్లు మాత్రం నేల మీద లేవు, పటేల్ జీతగాడు ఏరేసుకున్నాడు. పటేల్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: మేస్త్రి దుర్బీను సరిచేసి పరీక్షకు ఒక గుండు పేల్చాడు, అది తప్పిపోయి తగిలింది.

పరీక్షకు ఆయన ఒక్కటే పేలుస్తాడని మండలమంతా ఎరుగుదురు. ఆయన నిదానాన్నే తెచ్చి ఆయన మెడకు చుట్టారు. ఇక మిగిలింది ఎన్ని పేలాయన్నది. ఒక్కటైతే మేస్త్రి. మూడైతే పటేల్. పెద్దాసుపత్రిలో ఆమె చెప్పింది, తీన్ అని, మూడు వేళ్లు చూపించి. ఆమె మాటను తెలుగు చేసి రాయించింది పటేల్ మనిషి. ఆమెకు సరిగా తెలియదంటోంది అని రాయించాడు. తీన్ అంటే ఎంతో తెలుసుకోవడానికి మరాఠీ రావాలా? బోధన్ బజారులో గుడ్డిపిల్లి కూడా తీన్ అంటే మూడు కాళ్లు ఎత్తుతుంది.

నా దగ్గరికి ఎస్సై రాకముందే పటేల్ వచ్చాడు. బెదిరించలేదు. ఛాయ్ తాగాడు. నా చెరకు బాగుందన్నాడు. "నీ బోరు పైపు మా గట్టుల నుంచే వస్తది గదా కాకా. ఇంక రెండు తడులు గావాలె గద" అన్నాడు. అంతే అన్నాడు.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వద్దని గట్టు మీదే కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఎన్ని సప్పుళ్లు ఇన్నవ్?"

"ఒక్కటి" అన్నాను.

"మంచిగ యాది చేసుకో."

"ఒక్కటే సార్."

రాసుకున్నాడు. చప్పుడైనప్పుడు మేస్త్రి ఇంకా బాట మీదే ఉన్నాడన్న సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నేను చదివి సంతకం పెట్టాను. చదవడం నాకు ఎవరూ నేర్పలేదు, బెల్లం కట్టిన పేపరు ముక్కలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఎవడూ నన్ను మోసం చేయకూడదని నేర్చుకున్నాను. ఆ చదువుతో మొదటిసారి సంతకం పెట్టిన పెద్ద కాగితం అదే.

ఆయన పేరు లిస్టులోంచి కొట్టేశారు. దుకాణంలో కిటికీ కింది బల్ల తీసేశారు. కేసు ఏళ్లు నడిచి, అజాగ్రత్త అని ఒక మాటతో ముగిసింది. అజాగ్రత్త. స్క్రూ మీద ఎర్రగీత పెట్టే మనిషికి. మరాఠీ వాళ్లు నరుకుడు సగంలోనే వదిలి, ఆమెను బండిలో పడుకోబెట్టుకుని వాళ్ల ఊరికి పోయారు. నా చెరకుకు రెండు తడులూ అందాయి. ఆ ఏడు మంచిగా దిగింది.

తర్వాత ఆయనకు ఒకే ఒక్కసారి ఎదురుపడ్డాను. మధ్యాహ్నం, బోధన్ బస్టాండు హోటల్లో. తప్పించుకుందామనుకున్నాను కానీ పిలిచాడు. చంకలో అదే సంచి. ఇప్పుడు గలగలమనడం లేదు, నిజంగా బైబిలే ఉంది. ఎదురుగా కూర్చోబెట్టాడు. నా కాళ్ల నొప్పులడిగాడు. కాలువ నీళ్లు వదిలారా అని అడిగాడు. ఛాయ్ వచ్చాక సాసరులో పోసుకుని, ఊదుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"తమ్మీ, గా దినం నీ చెవులల్ల దూది పెట్టుకున్నవా?"

రెండు చెవులనీ కలిపి అడిగాడు. కుడి చెవి తెరిచి ఉంచమని నేర్పిన మనిషి. తప్పు చేసినవాడు పోవడానికి ఒక సందు తెరిచి, తాను పక్కకు జరిగి నిలబడ్డాడు.

"అవునన్నా, పెట్టుకున్న" అన్నాను.

"గట్లనా. మంచిది" అన్నాడు. ఛాయ్ తాగి, సంచి తీసుకుని, బస్సెక్కి పోయాడు.

మొన్న చర్చిలో ఆయన జ్ఞాపకార్థం కూడిక పెట్టారు. పోయాను. ముందు వరసలో పటేల్. వెనక బెంచీ మీద ఆయన కూతురు నా పక్కనే కూర్చుంది, నేనెవరో తెలియక తండ్రి మీద కోపమంతా నాతో చెప్పుకుంది. ఇంట్లో తలుపు గడియ ఊడితే ఏళ్ల తరబడి పెట్టలేదట. కానీ ఏటా వానలు పడకముందే మంజీర దాటి ఎక్కడో మరాఠీ ఊరికి పోయేవాడట, కుంటి ఆడమనిషి ఒకామె చంక కర్రను సరిచేయడానికి. "కండ్లు మూసుకో అంటడట. నిలవడుమంటడట. చంకల కర్ర వెట్టి, ఇగ కండ్లు తెరువు అంటడట. గదేం పిచ్చో మా బాపుకు" అంది. గుడ్డ ఎంత దళసరిగా చుట్టాలో, కర్ర ఎంత కోయాలో చూసి, మెడ వంగకుండా ఆమె నిటారుగా నిలబడేదాకా వదిలేవాడు కాదట.

ఆయన గురించి రెండు మాటలు చెప్పేవాళ్లు లేచి నిలబడమని పాస్టరు అన్నాడు. పటేల్ లేచి పదిహేను నిమిషాలు చెప్పాడు. తర్వాత నేను లేచాను. పటేల్ తల తిప్పి చూశాడు. చూపులో ఏమీ లేదు, ఊరికే చూశాడు. నా బోరు ఎండిపోయి చాలా ఏళ్లయింది, చెరకు మానేశాను, ఆయన గట్టుతో నాకిప్పుడు పనే లేదు. అయినా నా నోటి నుంచి వచ్చింది ఇంతే: "మంచి మనిషి." కూర్చున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. చదవగలిగినవాళ్లు ఆయన కూతురికి చదివి వినిపించండి. ఎస్సై గారు ఇప్పుడెక్కడ ఉన్నారో తెలియదు, ఆయనకూ ఇదే జవాబు. మూడు సప్పుళ్లు. టక్, టక్, టక్. నడుమ మనిషి యాదికి వచ్చేంత జాగ లేదు. నా చెవుల్లో దూది లేదు.